నలభై రోజుల చప్పిడి కూడు

తొంభై ఆరు ఎండాకాలంలో నేను చావుకు గంట దూరంలో పడి ఉన్నప్పుడు తొమ్మిది మంది డాక్టర్లు నా మంచం చుట్టూ నిలబడ్డారు. అందులో పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంత విషం నెత్తుట్లో పెట్టుకుని కూడా అడిగిన వెంటనే పేరు చెప్పిన మనిషిని నా నౌకరీలో చూడలేదు" అన్నాడు. శంషాబాద్ నుంచి తుక్కుగూడ దాకా ఈ సంగతి తెలియని మనిషి లేడు. ఇంటింటికీ చెప్పింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఇప్పుడు తొంభై తొమ్మిది. గండం గడిచిందని అందరూ అంటున్నారు. చేతులు వణుకుతూనే ఉన్నాయి కనుక ఈ అక్షరాలు చీమలు పాకినట్టు వస్తున్నాయి. అయినా రాయాలనిపించింది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇవే తెల్ల మాత్రలు మింగుతుండొచ్చు, వాళ్లకు పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యం మా అక్క సుగుణమ్మ. తన చేతి కూడే తమ్ముణ్ణి చంపబోయిందని అక్క నమ్మింది. ఆ కూడు ఆమె చేత అట్లా వండించినవాణ్ణి నేను. ఇది ఎక్కడో ఒక చోట నా చేత్తో రాసి ఉండాలి.

నా పేరు యాకోబు. ఊరు తొండుపల్లి. ముప్ఫై ఏళ్లు ద్రాక్షతోటల్లో కత్తిరింపు మేస్త్రిని. మా దిక్కు తోటలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ద్రాక్షకు కాపు కత్తెరలో ఉంటుంది. ఏ రెమ్మకు ఎన్ని చిగురు కళ్లు ఉంచాలి, ఏ కన్ను పైన కొయ్యాలి అన్నది చూసీ చూడగానే చేతికి తెలియాలి. నా చేతికి తెలిసేది. ఇది బడాయి కాదు, ఏ తోటలోనైనా అడగండి.

తొంభై నాలుగు, దసరా ముందు కత్తిరింపులు

ఆ ఏడు నాకు నిద్ర అవసరం లేకుండా పోయింది. ఒంట్లో ఎవరో మోటారు పెట్టి నడిపిస్తున్నట్టుండేది. నలుగురి పని ఒక్కణ్ణే చేసేవాణ్ణి, పాటలు కట్టేవాణ్ణి, నవ్వి నవ్వించేవాణ్ణి. కూలీలంతా నా వరసలోనే పనిచేస్తామని పోట్లాడుకునేవాళ్లు. ఎవరైనా దాన్ని జబ్బంటారా? నేనైతే దేవుడి దయ అనుకున్నాను. గుడిలో సాక్ష్యం కూడా చెప్పాను, ముప్పావు గంట. మా పాస్టరు కన్నా ఎక్కువసేపు.

తరువాత తీగలు నాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. ఇక్కడ కొయ్యి, ఇంకా కిందికి కొయ్యి అనేవి. రెండెకరాల తోటను మొదళ్ల దాకా కోసేశాను, ఒక్క కన్ను మిగల్చకుండా. కోసిన చోటల్లా తీగ నీళ్లు కారుస్తుంది, అది ద్రాక్ష గుణం. ఆ రోజు రెండెకరాలూ కారుతున్నాయి. నేను పందిరి మోసే రాతి కడీ మీదికెక్కి, ఈ తోటలున్న చోట విమానాలు దిగుతాయని అరుస్తున్నాను. ఈ మధ్య శంషాబాద్ చాయ్ హోటళ్లలో విమానాశ్రయం మాట వినబడుతోంది కనుక, ముందే చెప్పిన మొనగాణ్ణి నేనేనని అందరికీ గుర్తుచేస్తున్నాను. అదే రోజు తొండుపల్లి చెరువులోకి ఓడ వస్తుందని కూడా అరిచాను. దాన్ని ఎవరికీ గుర్తుచెయ్యడం లేదు.

మా ఇంటామె ఎస్తేరు బడిలో ఆయా. ఎవరో చెబితే ఏప్రాన్ కూడా విప్పకుండా ఉరికొచ్చింది. కడీ కింద నిలబడి చెయ్యి చాపింది.

"కత్తెర ఇయ్యి."

"నువ్వెవరు నన్నడగనీకి?"

"గది నీకు రేపు తెలుస్తది గని, ముందు కత్తెర ఇయ్యి."

ఇచ్చాను. ఆ తోట పటేలు తిట్టలేదు. కోసిన మొదళ్ల మధ్య కాసేపు నడిచి, ఒక మోడును చేత్తో తడిమి, వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది.

తొంభై ఐదు

ఆ మోటారు ఎట్లా వచ్చిందో అట్లాగే ఆగింది. ఆ ఏడంతా గోడవైపు తిరిగి పడుకున్నాను. గోడ మీద సున్నం పెచ్చు ఒకటి లేచి ఉండేది, అది ఎప్పుడు రాలుతుందా అని చూడటమే నా పని. అది రాలిన రోజు ఏడ్చాను. ఎందుకేడ్చావని అడిగితే చెప్పడానికి నాలో ఎవరూ లేరు.

ఎస్తేరు బడికి పోక తప్పదు. అందుకని అక్క తుక్కుగూడ నుంచి మూట కట్టుకుని వచ్చింది. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. అప్పటినుంచి నా నోటికి ముద్ద అందించిన చెయ్యి అది. అరవై దాటిన ముసలివాణ్ణి కూర్చోబెట్టి మళ్లీ ముద్దలు పెట్టింది.

"తిను తమ్మీ. నువ్వు తినకుంటె నాకు గూడ దిగదు. ఇద్దరం సస్తే ఎస్తేరు మీద రెండు పెట్టెల బరువు పడ్తది."

నవ్వాలని తెలుసు. మూతి కదలలేదు.

చలి మొదలైనప్పుడు ఎస్తేరు నన్ను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. తలకాయ జబ్బుల బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ బెంచీ మీద ఎవరికీ తలకాయ జబ్బు లేదు. అందరికీ ఉత్త తలనొప్పే. బాలాపూర్ నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు నా పక్కన కూర్చున్నారు. అన్న నా చెవిలో, "తమ్మునికి తోడొచ్చిన" అన్నాడు. తమ్ముడు కాసేపయ్యాక, "అన్నకు తోడొచ్చిన" అన్నాడు. లోపలికి పిలిచినప్పుడు ఇద్దరూ లేచారు. నేను కూడా అడిగినవాళ్లకల్లా మా ఆమెకు తోడొచ్చానని చెప్పాను. ఎస్తేరు విన్నది, కాదనలేదు. ఆ రోజు ఆమె నాకు చేసిన మేళ్లలో అదొకటి.

డాక్టరు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఎస్తేరు రక్తం పరీక్ష చీటీ కోసం కిటికీ దగ్గర వరసలో ఉంది. గదిలో నేనూ ఆయనే.

"చూడండి యాకోబు గారూ, మెదడులో కొన్ని రసాయనాలుంటాయి. మనిషి ఉత్సాహం, దిగులు, నిద్ర, ఆకలి చాలావరకు వాటి చేతిలో ఉంటాయి. మీలో అవి ఒకసారి పొంగుతాయి, ఒకసారి ఎండిపోతాయి. ఈ మందు ఆ రెంటినీ ఆపుతుంది."

"అయితే నా నవ్వు కూడా ఆ రసమేనా సారూ?"

"కొంత."

"ఎంత?"

ఆయన కలం పక్కన పెట్టాడు. "అది నాకూ తెలియదండి" అన్నాడు. మంచివాడు.

తరువాత మందు గురించి చెప్పాడు. పేరు లిథియం. అదీ ఒక రకం ఉప్పే. ఒంట్లో మామూలు ఉప్పు తగ్గితే ఈ ఉప్పును ఒళ్లు బయటికి పోనివ్వదు, అది పేరుకుని విషమవుతుంది. "ఉప్పు మానొద్దు. ఎండలో నీళ్లు బాగా తాగండి. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పండి." నేను తల ఊపాను. ఈ మాట విన్న చెవులు నావి రెండే.

ఇంటికొచ్చేసరికి గడపలో అక్క.

"ఏమన్నడు డాక్టరు?"

పక్కింటివాళ్లు కూడా అరుగు మీద ఉన్నారు. సంఘ పెద్దను, ముప్పావు గంట సాక్ష్యం చెప్పినవాణ్ణి. నాకు పిచ్చి అని చెప్పమంటారా?

"బీపీ" అన్నాను. "మామూలు బీపీ కాదు. గింత బీపీ ఉన్నోడు నడిసి ఎట్లొచ్చిండని డాక్టర్లంత పరేషానైన్రు."

ఎస్తేరు నా మొహంలోకి చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రం నుంచి అక్క నా కూరలో ఉప్పు సగం చేసింది. మా దిక్కు బీపీ అంటే ఉప్పు మానడమే, అది చిన్నపిల్లకైనా తెలుసు.

మాత్రలు, శ్రమదినాలు

మాత్రలు పనిచేశాయి. గోడ నుంచి ఇటు తిరిగాను. అన్నం తిన్నాను, తోటకు పోయాను. కాకపోతే మాత్రలు నా దిగులును ఒక్కదాన్నే తీసుకుపోలేదు. ఏదైనా సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసేవాణ్ణి, పూర్తి చెయ్యబుద్ధి అయ్యేది కాదు. కూలీలు నా వరస వదిలి పక్క వరసకు పోయారు. ఒక ఆదివారం ఎస్తేరు అన్నది: "నీ పక్కన కూసుంటె బస్టాండుల కూసున్నట్టున్నది."

"మరి ఎట్లుండాలె? కడీ ఎక్కాలెనా?"

"ఎక్కొద్దు. గని ఎక్కినోడు గూడ నావోడే గదా."

 ఆమె పెళ్లాడిన ఆ నవ్వులవాడు సగం జబ్బేనట. నయమైనవాడు ఎవరో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

తొంభై ఆరులో శ్రమదినాలు వచ్చాయి. సిలువకు ముందు నలభై రోజులు మేం ఏదో ఒకటి మానుకుంటాం. ఒకరు మాంసం, ఒకరు బీడీ. అక్క కుండల ముందు కూర్చుని తేల్చేసింది: "ఈ నలబై దినాలు నీకు ఉప్పు బొత్తిగనె బందు. దేవునికి దేవుడాయె, బీపీకి బీపీ ఆయె."

అప్పుడైనా చెప్పొచ్చు. డాక్టరు మాట గుర్తులేక కాదు, ఉంది. కానీ ఉప్పు కావాలంటే బీపీ లేదనాలి, బీపీ లేదంటే మరి ఆ మాత్రలు ఎందుకని అడుగుతారు. కూరలో ఇంత ఉప్పు తగ్గితే మనిషి చస్తాడా అనుకున్నాను. డాక్టరు మాట తెలియని ఎస్తేరు కూడా అట్లాగే అనుకుని ఊరుకుంది. పైగా అక్క నా కోసమని తాను కూడా చప్పిడే తినేది. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని చారు, పక్కన కాస్త ఉల్లిగడ్డ. "నాలుక అలవాటైతది తమ్మీ" అనేది. నేను గుడిలో చప్పిడి కూటి మీద కూడా బడాయి కొట్టాను. ఇంత నిష్ఠ నా తరంలో ఎవరూ పట్టలేదన్నాను.

తోటలో పగలంతా ఎండ. మూడో వారానికి కత్తెర పట్టిన చెయ్యి వణకడం మొదలైంది. ఒక కన్ను పైన కొయ్యబోతే ఇంకో కన్ను తెగేది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఐదో వారానికి కాళ్లు తడబడ్డాయి, తిన్నది నిలవడం లేదు. ఉపవాసం కదా అన్నాను.

మట్టల ఆదివారం పొద్దున ఈత మట్టలు పట్టుకుని గుడి నుంచి ఊరేగింపుగా బయలుదేరాం. సంఘ పెద్దను కాబట్టి ముందు నేను. రోడ్డు పడవలా ఊగుతోంది. పాట ఎత్తుకుందామంటే నాలుక బరువై మాట ముద్దగా వచ్చింది. వెనక ఆడవాళ్ల నవ్వు వినబడింది. ఒక పెద్దమనిషి ప్రార్థన చేస్తున్నట్టు నా మీదికి వంగి, నోరు వాసన చూశాడు.

"యాకోబు తాగొచ్చిండు" అన్నాడు.

"ఛీ, మా తమ్ముడు ముట్టడు" అని అక్క అంటుండగా మట్టతో సహా నేల మీద పడ్డాను.

వార్డు

తరువాత పట్నం పెద్ద దవాఖానలో నాలుగు రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. సూది గుచ్చిన మంట. పక్క మంచం మీది తురకల పెద్దాయన తన చెద్దరు నా కాళ్ల మీద కప్పడం. ఆయన పేరు అడగలేదు, అడగడానికి నాలుక లేదు. ఒక ఆయా నా చొంగ తుడుస్తూ, "మా బాపు గూడ గిట్లనే ఉండె" అన్నది. ఎట్లా ఉండెనో, బతికెనో లేదో చెప్పలేదు. నెత్తుట్లో నుంచి విషం పోవడానికి నరంలోకి సీసాలు సీసాలు సెలైన్ ఎక్కించారు. ఉప్పునీళ్లే. నాలుక మీదికి రాని ఉప్పు నరంలో నుంచి వచ్చింది.

తొమ్మిది మంది డాక్టర్ల సంగతి ఇక్కడ చెప్పెయ్యాలి. వచ్చింది ఒక్క డాక్టరు, ఒక నర్సు. మిగతా ఏడుగురు చదువుకునే పిల్లలు, పక్క మంచం పెద్దాయన కాలి పుండు చూడటానికి వచ్చారు, మంచాలు ఇరుకు కనుక వీపులు నా వైపు పెట్టి నిలబడ్డారు. నన్ను పేరు అడిగింది మాత్రం నిజం. నేను చెప్పిన పేరు నాది కాదు. "సుగుణమ్మ" అన్నానట.

నాలుగో రోజు పొద్దున మళ్లీ రక్తం తీశారు. లెక్క సరిగ్గా దిగిందని నర్సు చెప్పింది. తల కడిగిన పలకలా తేటగా ఉంది. అప్పుడు ఆ మాత్రలు రాసిన మా డాక్టరే వచ్చాడు. మంచానికి ఒక పక్క ఎస్తేరు, ఇంకో పక్క అక్క.

"ఉప్పు బాగా తగ్గించారా అమ్మా?"

"నేనే సారూ. నలబై దినాలు సిటికెడు గూడ ఎయ్యలే."

"ఈ మందు తినేవాళ్లకు ఉప్పు మాన్పించకూడదమ్మా. దానివల్లే ఇంత దూరం వచ్చింది. మొదటి రోజే చెప్పాను కదా."

"నాకెవ్వరు చెప్పలే సారూ" అన్నది అక్క.  "నా చేతుల మీద పెంచిన పోరడు సారూ వీడు. నా చేత్తోనే..."

డాక్టరు నా వైపు చూశాడు. ఎస్తేరు నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను, నిద్ర పట్టినవాడిలా. ఒక గురక కూడా తీశాను.

ఈ మూడేళ్లలో ఆ గురక గురించి చాలా ఆలోచించాను. తోట నరికినది పొంగిన రసాయనం అన్నాడు డాక్టరు, సరే. గోడవైపు పడుకున్నది ఎండిన రసాయనం, సరే. కూలీలను నవ్వించినది కూడా సగం అదేనట, పోనీ. కానీ ఆ పొద్దున నా నెత్తురు లెక్క కాగితం మీద సరిగ్గా ఉంది. పొంగు లేదు, ఎండు లేదు, విషం లేదు. నాలో ఏది నాదో తేల్చమని డాక్టర్ను అడిగాను కదా, ఆయన చెప్పలేకపోయాడు కదా. ఆ గురక తీసినవాడు నేను.

సాయంత్రం అక్క నీళ్లకు పోయినప్పుడు ఎస్తేరు మంచం మీదికి వంగింది.

"నీకు ఎరుకనే. డాక్టరు నీకు చెప్పిండు."

"సప్పుడు చెయ్యకు."

"వదినెకు నేను చెప్త."

"చెప్పినవంటె ఇగ మందు ముట్ట. మల్ల కడీ ఎక్కుత. చూస్కో."

ఆమె వెనక్కి జరిగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరువాత

మాత్రలు మానిపించి రెండు నెలలు చూశారు. నిద్ర పోవడం మానేశాను, పాటలు మొదలయ్యాయి. మళ్లీ అవే మాత్రలు, తక్కువ లెక్కలో, బతికినన్నాళ్లు. మూడు నెలలకోసారి ఆ బెంచీ, ఆ సూది. చేతి వణుకు పోతుందన్నారు, పోలేదు. మాట కొంచెం ముద్దగానే ఉంది. కత్తెర పట్టలేను. తోటకు పోతే పటేలు మర్యాదగా కుర్చీ వేయిస్తాడు, కుర్రవాళ్లు కోస్తుంటే చూస్తూ కూర్చుంటాను. తప్పు కన్ను కోసినప్పుడు నా వేళ్లు ఒళ్లోనే ఎగురుతాయి. నయమవుతుందన్న ఆశ పెట్టుకోవద్దని మీకు చెప్పను గానీ, నాకైతే లేదు.

అక్క తుక్కుగూడలో కూతురింటికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఎవరింట్లోనూ పొయ్యి ముట్టలేదు. క్రిస్మసుకు మా ఇంటికొస్తే అరుగు మీదే కూర్చునేది. బిర్యానీలో ఉప్పు చూడమని ఎస్తేరు గరిటె ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చెయ్యి మంచిది గాదు పిల్లా, నువ్వే సూస్కో" అన్నది. నేను అక్కడే ఉన్నాను.

తొంభై ఎనిమిది చలికాలంలో అక్కకు జ్వరం ఊపిరితిత్తులకు దిగింది. కబురు రాగానే బస్సెక్కి పోయాను. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నాకు బీపీ లేదు. నాది పిచ్చి. డాక్టరు ఉప్పు మానొద్దన్నడు, నేనే నీకు చెప్పలే. తప్పు నీది గాదు" అన్నాను.  అక్క నవ్వింది. "గింత సంగతికా రా తమ్మీ" అని, కూతురి చేత ఉప్పు తెప్పించి, చిటికెడు తీసి నా నాలుక మీద పెట్టింది. ఆ పొద్దుటే పోయింది.

దీనితో ఆపుదామని, నిన్న అంతా ఎస్తేరుకు చదివి వినిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది. ఓడ దగ్గర నవ్వింది. గురక దగ్గర చెయ్యి ఆపింది. చివరి మాట అయ్యాక గింజలు చాటలో పక్కకు నెట్టి అన్నది:

"గది కొట్టెయ్యి. మనం పొయ్యేసరికి వదినెను పెట్టెల పండవెట్టిన్రు. నువ్వు పెట్టె కాడికి గూడ పోలే, గేటు కాడనే నిలవడ్డవ్. ఆమె తన చేతిదే తప్పనుకుంట పోయింది. గది రాయి."